చెప్పులు విప్పి అరిచే మనిషి

పుంగనూరు చుట్టుపక్కల తోటల్లో కోతులను తరమడానికి ఒకాయన వచ్చేవాడు. కొండముచ్చులాగా అరవడమే ఆయన వృత్తి. ఆ అరుపు వింటే చాలు, కోతులు పారిపోయేవి. అయితే అరిచే ముందు ఆయన చెప్పులు విప్పి గట్టు మీద పెట్టేవాడు. ఎందుకని చౌడేపల్లె దగ్గర మా మామ టమోటా తోటలో ఒకసారి అడిగాను.

"సెప్పులేసుకోని కొండముచ్చు అరస్తాదా అప్పా?" అన్నాడు.

డిగ్రీ చదివిన నేను నా చెప్పులు కూడా విప్పి పక్కన పెట్టాను.

పోయిన ఎండాకాలం నేను అక్కడున్నప్పుడే మామ తోటకు మళ్లీ వచ్చాడు. చెప్పులు విప్పాడు, అరిచాడు. కోతులు కదల్లేదు. పిల్లకోతులైతే బాగా కనబడే చోటు చూసుకుని కూర్చున్నాయి.

"ఏమప్పా, పాటకచ్చేరి పెట్టినావా?" అన్నాడు మామ.

ఆయన నవ్వలేదు. "ఏండ్ల తరబడి వానల్లేక, కొండ మింద సిగురు లేక, కొండముచ్చులన్నీ యాడికో పోయినాయి. ఈ పిల్లకోతులు వాటిని సూసిందే లేదు. యాల బయపడతాయి?"

"అట్లయితే రేపట్నించి నువ్వు రావద్దులేప్పా. టపాకాయలు తెచ్చుకుంటా."

ఆయన సరేనన్నాడు. కొండ వైపు తిరిగి, ఇంకా గట్టిగా, ఇంకోసారి అరిచాడు.

"ఇంగ ఎవురికప్పా అది?" అన్నాడు మామ.

"ఆడ ఒగటన్నా మిగిలింటే పలుకుతాది. అది కిందికి దిగొస్తే వీటికి బయం తెలుస్తాది, నాకు పనుంటాది."

ముగ్గురం చెవులు రిక్కించాం. కోతులు కూడా కాసేపు కొండ వైపే చూశాయి. అటునుంచి ఏమీ వినబడకపోయేసరికి, మాకంటే ముందు అవే తేరుకుని టమోటాల మీద పడ్డాయి.