దొడ్డమ్మను పంపించిన ఉదయం

మొన్న షాంటిలీలో మా అమ్మాయి ఇంట్లో టీవీ చూస్తున్నాం. పేపర్లు లేని జనాన్ని చేతులకు బేడీలు వేసి విమానం ఎక్కిస్తున్నారు. "రూల్స్ ఫాలో అవ్వకపోతే అంతే కదా అమ్మమ్మా," అంది మనవరాలు, పాప్‌కార్న్ నములుతూ. నాకు దొడ్డమ్మ గుర్తొచ్చింది.

ఎనభైల మొదట్లో, పెళ్లయిన కొత్తలో, ఈ దేశానికొచ్చి ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా బావగారింట్లో దిగాను. దొడ్డమ్మ మా తోడికోడలి తల్లికి సొంత అక్క. భర్త పోయాడు, పిల్లలు లేరు. తోడికోడలికి పాప పుట్టినప్పుడు సాయానికని విజిటర్ వీసా మీద రప్పించుకున్నారు. గడువు తీరినా పంపలేదు. "నీకక్కడ ఎవరున్నారు?" అంటూ పాస్‌పోర్ట్ తీసి తమ బీరువాలో పెట్టుకున్నారు. దొడ్డమ్మ వాషింగ్ మెషీన్‌ను నమ్మేది కాదు. అది ఉతికిన బట్టల్ని మళ్లీ బాత్‌టబ్‌లో వేసి, కీర్తనలు పాడుకుంటూ జాడించేది. పాప ఆ నురగలో కూర్చుని తెలుగు నేర్చుకుంది. ఇంటికొచ్చిన వాళ్లతో తోడికోడలు మాత్రం "మా పనావిడ" అని చెప్పేది.

పాప స్కూల్లో చేరాక దొడ్డమ్మకు ధైర్యం వచ్చింది. ఓ ఆదివారం చర్చి నుంచి వస్తూనే అడిగింది. "నర్సింగ్ హోమ్ వంటింట్లో పనుందంటమ్మా. పేపర్ల సంగతి చర్చిలో ఒకాయన లాయర్‌తో మాట్లాడతానన్నాడు. నా పాస్‌పోర్ట్ ఇస్తావా?"

తోడికోడలు కోప్పడలేదు. "చూద్దాంలే దొడ్డమ్మా, ముందు అన్నం తిను," అంది.

ఆ వారంలోనే, పాప స్కూల్ బస్ ఎక్కిన కాసేపటికి, ఇమిగ్రేషన్ వాళ్లు ఇద్దరొచ్చారు. దొడ్డమ్మ దోసెలు పోస్తోంది. పిండి చేతులతోనే నా వెనక్కి వచ్చి నిలబడి, "ఏమంటున్నారమ్మా?" అంది. నేను చెప్పేలోగా తోడికోడలు మెట్లు దిగి వచ్చింది, ఒక చేత్తో పాస్‌పోర్ట్, ఇంకో చేత్తో సర్ది ఉంచిన సూట్‌కేసు పట్టుకుని. వాళ్లకు ఫోన్ చేసిందెవరో మా ఇద్దరికీ అప్పుడర్థమైంది.

దొడ్డమ్మ ఏడవలేదు. "పాపకు చెప్పి వెళ్తాను. సాయంత్రం దాకా ఆగమనమ్మా," అంది.

"అది ఏడుస్తుంది. వద్దు," అంది తోడికోడలు.

గుమ్మం దగ్గర దొడ్డమ్మ కోటు తొడుక్కోబోతే తోడికోడలు చేతిలోంచి తీసేసుకుంది. "మనూళ్లో ఎండలేగా, దీంతో ఏం పని?" బయట మంచు పడుతోంది. దొడ్డమ్మ కొంగు భుజాల చుట్టూ కప్పుకుని వాళ్ల వెంట నడిచింది.

సాయంత్రం పాప "అమ్మమ్మా" అని పిలుస్తూ ఇల్లంతా వెతికింది. "అమ్మమ్మకు నీమీద కోపమొచ్చి వెళ్లిపోయింది," అని చెప్పింది తల్లి. తిరిగి వెళ్లాక సొంతూళ్లో బంధువులెవరూ దొడ్డమ్మను చేరదీయలేదు. ఓ మిషన్ ఆసుపత్రిలో వండిపెడుతూ అక్కడే పోయిందని చాన్నాళ్లకు తెలిసింది.

ఆ పాప ఇప్పుడు డాక్టరు. మంచాన పడ్డ తల్లిని కళ్లలో పెట్టుకుని చూసుకుంటోంది. దొడ్డమ్మ మాటెత్తితే, "షి జస్ట్ లెఫ్ట్ మీ," అని ముఖం తిప్పుకుంటుంది. అబద్ధాలకూ మనతోపాటే వయసు మీద పడుతుంది. అంత ముసలివాటిని నిలదీసే ధైర్యం ఎవరికీ మిగలదు.