ఆరో సూది

సకాతా రేవులో మా ఆసుపత్రికి పెద్ద నర్సుగా ఉండేది హత్సుయె ఇగరాషి. ఎడమ దవడ వంకరగా ఉండి అన్నం ఒకవైపే నమిలేది. కొత్తగా చేరినవాళ్లం చాటుగా నవ్వుకునేవాళ్లం. అదెలా విరిగిందో పదేళ్లు కలిసి పనిచేశాక, ఒక మధ్యాహ్నం కట్టుగుడ్డలు ఉడకబెడుతూ తనే చెప్పింది.

ఆమెకు ఇరవై నాలుగేళ్లప్పుడు, యుద్ధంలో నర్సు పనికి రమ్మని రెడ్‌క్రాస్ నుంచి ఎర్ర కాగితం వచ్చింది. ఒళ్లో ఎనిమిది నెలల కూతురు. మొగుడు అప్పటికే నౌకతో పాటు మునిగిపోయాడు. అత్తగారు కాగితం చదివించుకుని, "దేశం పిలిస్తే నేనడ్డం పడను గానీ, దీనికి పాలెవరిస్తారే?" అందట. బియ్యపు గంజి పట్టమని చెప్పి హత్సుయె రైలెక్కింది. రొమ్ములు రాళ్లై, పాలు తువ్వాలులోకి పిండుకుంటూ ఓడరేవు చేరింది.

ఓడ దిగిన లూజాన్ దీవిలో వాళ్ల ఆసుపత్రి ఒక బడిలో ఉండేది. కప్పుమీద ఎర్ర శిలువ పెద్దగా వేసినా శత్రు విమానాలు బాంబులు వేయక మానలేదు. పొగ తగ్గాక చూస్తే, కత్తెర పట్టుకున్న డాక్టరు చెయ్యి బల్లమీదే ఉంది, డాక్టరు లేడు. పందొమ్మిదేళ్ల నర్సు సయోకి కడుపు చీలిపోయింది. హత్సుయె పేగులు లోపలికి నెట్టి దుప్పటితో బిగించి కట్టింది. పావుగంట బతికింది ఆ పిల్ల.

అక్కణ్ణుంచి కొండల్లోకి పారిపోయారు. వానాకాలం వచ్చేసరికి మందుల్లేవు, గాయాల్లో పురుగులు. ఇంకా ఉత్తరానికి పొమ్మని ఉత్తర్వు వచ్చింది. గుడిసెలో నడవలేని సిపాయిలు ఆరుగురు. వాళ్లను శత్రువు చేతికి చిక్కనివ్వొద్దని చెప్పి, కురాతా అనే సార్జెంటు విషం నింపిన సూదులు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

హత్సుయె పొడిచింది. మొదటివాడికి స్పృహ లేదు. తర్వాతి ముగ్గురూ బలానికిచ్చే మందనుకున్నారు. ఐదోవాడు షిన్నొసుకె, అకితా కొండల కుర్రాడు.

"అక్కా, ఇది ఆ చంపే మందేనా?" అన్నాడు.

"నొప్పి తగ్గడానికిరా, నాయనా."

వాడు తల వంచి దండం పెట్టాడు. ఒళ్లు విల్లులా వంగింది. ఆమె చొక్కా చేయి పిడికిట్లో పట్టుకునే పోయాడు. పిడికిలి విడకపోతే గుడ్డ కత్తిరించుకుంది.

ఆరోవాడు నొజాకి, కాలు పోయినవాడు, అంతా చూస్తూనే ఉన్నాడు. చేతికందిన గిన్నె ఆమె ముఖాన విసిరికొట్టాడు.

"వాడికి నొప్పి తగ్గిందా? కళ్లు తెరిచే ఉన్నాడు, చూడు. నా దగ్గరకొస్తే కొరికేస్తా."

ఆమె సూదిలోది బురదలోకి పిండేసింది.

"ఇంకోటి నింపు," అన్నాడు కురాతా.

"నింపను."

తుపాకి మడమతో కొట్టాడు. దవడ విరిగి, నోట్లోంచి రెండు పళ్లు ఊడిపడ్డాయి. కురాతా తుపాకి తిప్పి నొజాకికి గురిపెట్టేసరికి, నొజాకి ఊతకర్రతో అతని మోకాలి చిప్ప పగలగొట్టాడు. హత్సుయె కురాతా చేతిమీద పడింది. గుండు కప్పులోంచి పోయింది. అంతలో ఫిరంగులు మొదలయ్యాయి. ఇనుపముక్క ఒకటి వచ్చి కురాతా మెడ కోసేసింది. తనను కొట్టిన ఆ మనిషి మెడమీదే ఆమె రెండు చేతులూ అదిమిపెట్టింది. రక్తం వేళ్ల సందుల్లోంచి కారిపోయి అతను చచ్చేదాకా తీయలేదు. ఎందుకు పట్టుకున్నావంటే, చేతులు వాటంతటవే వెళ్లాయంది నాతో.

నొజాకిని దుప్పటిమీద వేసి తొమ్మిది రోజులు లాగింది. కప్పల్ని తిన్నారు, ఆకులు తిన్నారు. ఒక రోజు అతను, తనను వదిలేసి పొమ్మని ఏడ్చాడు. ఆమె దవడ కట్టు బిగించుకుని మళ్లీ లాగింది. పదో రోజున అమెరికన్లకు చిక్కారు. ఇద్దరూ బతికారు.

ఇంటికొచ్చేసరికి కూతురికి నాలుగో ఏడు. తల్లిని చూసి నానమ్మ వెనక దాక్కుంది. ఆ ఐదుగురి ఇళ్లకీ, పోరులో వీరమరణం పొందారని కాగితాలు వెళ్లాయని తెలిసి, వాళ్లకు నిజం చెప్పడానికి హత్సుయె బయల్దేరబోయింది.

"ఆ మాట పట్టుకుని వాళ్లు బతికేస్తున్నారు కదే," అంది అత్త.

"వాళ్లు బతుకుతారత్తా. నేనే బతకలేకపోతున్నా."

ఒకరు గుమ్మంలోనే నిలబెట్టి విన్నారు. ఒకరు టీ ఇచ్చి, మళ్లీ గడప తొక్కొద్దన్నారు. మరొకరింట్లో తండ్రి, తనకు కొడుకే లేడని తలుపేశాడు. షిన్నొసుకె తల్లి పొయ్యి దగ్గరి ఇనుప పట్టకారు తీసుకుని నుదుటిమీద కొట్టింది. రెండోసారీ, మూడోసారీ కొట్టింది. హత్సుయె చెయ్యి అడ్డం పెట్టలేదు. రక్తం కళ్లలోకి దిగాక ఆ తల్లి ఆగింది.

"పోయేటప్పుడు వాణ్ణి పట్టుకున్నావా?"

"వాడే నన్ను పట్టుకున్నాడమ్మా."

"ఎంతసేపు?"

"వంద లెక్కపెట్టేంత."

ఆమె నీళ్ల గిన్నె తెచ్చి ముందు పెట్టి, లోపలికెళ్లిపోయింది.

ఇక మిగిలిన ఒక్కడి ఇల్లు నగరంలో. బాంబులకు ఆ వీధి వీధంతా కాలిపోయింది, ఇంటివాళ్లెవరూ మిగల్లేదు. ఆ స్థలంలో ఎవరో ముక్కూ మొహం తెలియని ఆడమనిషి చిలగడదుంపలు తవ్వుకుంటోంది. హత్సుయె ఆమెకే మొదట్నుంచీ చెప్పింది. ఆవిడ గునపంమీద చేతులానించి చివరిదాకా వింది.