శైలు తూటాకు వేరే కొలత

దోహా బయట మా షూటింగ్ క్లబ్ వర్క్‌షాప్‌లో రైఫిల్ తూటాల్లో చేత్తో మందు నింపి, ఒక్కొక్కదాని పొడవూ వెర్నియర్ కాలిపర్‌తో కొలుస్తాం. పొడవు ఎక్కువైతే ఒత్తిడి పెరిగి రైఫిల్ పేల్చేవాడి ముఖం దగ్గరే పగిలిపోవచ్చు.

మొన్న కొన్ని పొడవుగా తేలితే పక్కన పెట్టాను. సూపర్‌వైజర్ రత్నం గారు వాటిని మళ్ళీ నా ముందుకు తోశారు. ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం, నేను వాక్యం చెప్పే ప్రార్థన కూడికలో అందరికంటే గట్టిగా ఆమేన్ అనే మనిషి!

"ఇవి కస్టమర్‌కి కాదు బ్రదరూ, టెస్ట్ ఫైరింగ్‌కి. పేల్చేది మన శైలేగా. యల్లా, కానివ్వండి!"

"శైలువి కళ్ళు కావా అండీ? సంచిలో ఒకరికొకటి, ఇంకొకరికొకటి అని రెండు రకాల తూనికరాళ్ళు ఉండకూడదని బైబిల్ తెరిచి నేను బోధిస్తే ఆమేన్ అన్నది మీరు కాదా?"

"వాక్యం శుక్రవారానికి ఉంచండి" అని నవ్వి వెళ్ళిపోయారు.

టెస్ట్ ఫైరింగ్ చేసే మా జగిత్యాల కుర్రాడు శైలు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఊకో అన్నా, నువ్వు లొల్లి వెడితే నా డ్యూటీ పోతది. ఇటియ్యి, నేనే పేలుస్త."

ఇవ్వలేదు. ఆ తూటాలన్నీ విప్పి మందు తీసేశాను. అప్పటినుంచి నాతో మాట్లాడనిది రత్నం గారు కాదు, శైలు.

ఈ పోస్టు కింద ఆమేన్ అని పెట్టకండి. మీ కంపెనీలో ఆ రెండో కొలత ఎవరికి వాడుతున్నారో రాయండి.