తనిఖీ కోసం దాచిన కళ్లద్దాలు

మణికొండలో నేను కెమిస్ట్రీ చెప్పే జూనియర్ కాలేజీ ఒక కాంప్లెక్సులో మూడో అంతస్తు. ల్యాబు కిటికీలోంచి చూస్తే అద్దాల ఆఫీసులు, లోపలికి తిరిగితే పగిలిన సింకు. ఆ ల్యాబులో అన్నిటికంటే అపురూపమైనవి ఇరవై నాలుగు సేఫ్టీ కళ్లద్దాలు. కవర్లు కూడా విప్పలేదు. తనిఖీకి వచ్చేవాళ్లు ముందు అవే అడుగుతారు. పిల్లల చేతికిస్తే గీతలు పడతాయి, పడితే స్టాక్ రిజిస్టరులో సంతకం పెట్టిన నేను జవాబు చెప్పుకోవాలి. అందుకని బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని. నాకంటే ముందున్న సారూ అంతే. అప్పగించేటప్పుడు "కవర్లు జాగ్రత్తమ్మా" అని మరీ చెప్పి వెళ్లారు.

జాగ్రత్తలు చెప్పడంలో మాత్రం నన్ను మించినవాళ్లు లేరు. చున్నీకి పిన్ను పెట్టలేదని, జుట్టు ముడేసుకోలేదని పిల్లల్ని వాయించేదాన్ని. ల్యాబులో పనిచేసే ఆయమ్మనూ వదిలేదాన్ని కాదు. ఆమె తలుపు పక్కనే ఒక డ్రమ్ము నిండా నీళ్లు పట్టి పెట్టేది. అడ్డంగా ఉంది తీసెయ్యమంటే, "ట్యాంకర్ రాకుంటే ఏం జేస్తరు మేడం? ఉండనియ్యిర్రి జర" అనేది. నాకు ఒళ్లు మండేది.

ప్రాక్టికల్ పరీక్షలకు వారం ముందు, ఇచ్చిన లవణం ఏదో కనిపెట్టే ప్రయోగం చేయిస్తున్నాను. ఒకమ్మాయి పరీక్షనాళికలో లవణం వేసి, కాస్టిక్ సోడా ద్రావణం పోసి వేడి చేస్తోంది. అమ్మోనియా వాసన వస్తోందో లేదో తేల్చుకోలేక ముఖం దగ్గరికి వంచింది. వేడి ద్రావణం ఒక్కసారిగా చిమ్మి కుడి కంట్లో పడింది.

నేను "ఆటో, ఆటో" అంటూ తలుపువైపు పరుగెత్తాను. ఇన్నేళ్లు పాఠం చెప్పినదాన్ని, ఆ క్షణాన నాకు ఆ పాఠమే గుర్తు రాలేదు. ఎవరో కుళాయి తిప్పారు. సన్నటి ధార వచ్చి ఆగిపోయింది. ఆయమ్మ ఆ పిల్లను డ్రమ్ము పక్కన కూర్చోబెట్టి, రెప్పలు వేళ్లతో విడదీసి, మగ్గుతో నీళ్లు పోయడం మొదలుపెట్టింది.

"ఆటో తర్వాత మేడం. ముందుగాల నీళ్లు. ఇరవై నిమిషాలు పొయ్యాలని మీరే చెప్తరు గద పిల్లలకు!"

ఇరవై నిమిషాలూ ఆపకుండా పోసింది. తర్వాత ఆటోలో ఆ అమ్మాయి తల నా భుజం మీద పెట్టుకుని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. చూపు పోతే ఎలా అన్న భయం తప్ప దారిలో ఇంకేమీ గుర్తులేదు. డాక్టరు పరీక్షించి, వెంటనే కడగబట్టి చూపు దక్కిందని చెప్పి, చుక్కల మందు రాశారు.

వాళ్లమ్మ ఆఫీసు నుంచి మెడలో ఐడీ కార్డుతోనే పరుగెత్తుకొచ్చింది. డాక్టరు చెప్పింది విని నా రెండు చేతులూ పట్టుకుంది.

"మీరుండబట్టి సరిపోయిందండీ. లేకపోతే మా పిల్ల గతేమయ్యేదండీ!"

"నేను కాదండీ, మా ఆయమ్మ" అన్నాను. అక్కడితో ఆగలేకపోయాను. కళ్లద్దాలు, కవర్లు, బీరువా, తాళం, అన్నీ చెప్పేశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆమె నా చేతులు వదిలేసింది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడలేదు.

"ఆ ల్యాబులో మీ అమ్మాయే ఉంటే ఇచ్చేవారా అండీ?"

"ఇచ్చేదాన్నండీ" అన్నాను.