కూలర్ గదిలో పురుగులు, ఊడిపోయిన చీటీలు

పత్తికొండ ఎండకు రాళ్లే పగులుతున్నాయి. తడి ఉంటే తప్ప బతకని పురుగులు మాత్రం నా పడకగదిలో కాపురం పెట్టాయి. ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి పురుగులు, తలగడ పక్కనే ఉండే నా బైబిలు గ్రంథం నిండా పాకుతున్నాయి. ఇంట్లో ప్రార్థన తగ్గినందుకే ఈ తెగులు వచ్చిందని పది రోజులుగా నా భార్య మీద మండిపడుతూ, రోజుకు రెండుసార్లు ఫినాయిల్ నీళ్లతో గది కడిగించాను.

ఈ రోజు కూలర్ బాగుచేయడానికి వచ్చిన మస్తాన్, మా పురుగుల గొడవంతా విని, గదిని చూసి నవ్వాడు.

"ఏమప్పా, చల్లదనం బయటికి పోతాదని కిటికీలన్నీ మూసి కూలర్ ఏస్తాండావా? గోడలు చూడు, శానా చెమ్మగా ఉండాయి. మళ్లా రెండు పూటలా కడిగేదొకటి. పురుగుల్ని సాకుతాండేది నువ్వే."

"పది దినాలనుంచి నన్ను తిడతాండాడన్నా," అంది నా భార్య. "ఇంగ ఆ ప్రార్థనేందో ఆయప్పనే చేసుకోమను."

నేను బడికి పోయినవాణ్ని కాదు, నాకు నేనే అక్షరాలు నేర్చుకున్నాను. ఇరవై ఏళ్లుగా అర్థమైన ప్రతి సంగతినీ చీటీ మీద రాసి, మైదా బంకతో ఆ గ్రంథం పుటలకు అంటించుకున్నాను. పురుగులు ఆ బంకను తినేశాయి. గ్రంథం తెరిస్తే చీటీలన్నీ ఒళ్లో రాలాయి. సాయంత్రం వరకు కూర్చున్నా, ఏ చీటీ ఏ వచనానిదో నాకే తెలియలేదు.

ఇన్నేళ్లు పాస్టరుగా గొంతు చించుకుని చెప్పిందంతా ఆ చీటీల్లోనే ఉంది, నాలో మిగిలిందేమీ లేదు. ఆదివారం చర్చిలో నిలబడి ఏం చెప్పాలో మీకెవరికైనా తోస్తే చెప్పండి.