దాదీ పేరు కొట్టేసిన పొద్దు

ఆ రోజుల్లో మా అలంపూర్ ఇంట్లో అందరికంటే ఎక్కువ చదివినదాన్ని నేనే (బడికి పోలేదు, మా అబ్బా ఇంట్లో కూర్చోబెట్టి నేర్పిన చదువు, అల్లా దయవల్ల ఇప్పటికీ అరగలేదు). అందుకే జనాభా లెక్కలు రాసే బడి సారు వచ్చినప్పుడు జవాబులు చెప్పే పని పదహారేళ్ల నాకు దక్కింది. మా నాన్నమ్మ, దాదీ, మాత్రం నన్ను పక్కకు నెట్టి తన పేరు తానే రెండుసార్లు చెప్పింది. అంతకుముందు వచ్చిన వరదలో ఇంటి కాగితాలన్నీ కొట్టుకుపోయాయి. ఆమె పేరున్న చీటీ ముక్క కూడా మిగల్లేదు. "ఈ లెక్క చూసే ఎమ్మెల్యే సీట్లు పంచుతరంట గద సారూ, నా ఒక్క తలకు ఎంతొస్తది?" అని అడిగింది. సారు నవ్వి, "నువ్వు లేకుంటే లెక్క తప్పుతది అవ్వా" అన్నాడు. ఆ మాట ఆమె గల్లీ అంతా తిరిగి చెప్పుకుంది.

పది రోజులకు దాదీ పోయింది. నెల మారగానే సారు మళ్లీ వచ్చాడు. ఈమధ్య పుట్టినవాళ్లను కలపాలట, పోయినవాళ్లను తీసెయ్యాలట. అమ్మీ లోపల నమాజులో ఉంది. ఆ ఒక్క కాగితం మీదనైనా దాదీ ఉండాలని నాకు పట్టుదల వచ్చింది.

"అవ్వ ఏది బిడ్డా?"

"పండుకున్నది సార్."

"లేపకు. పానం మంచిగున్నదా?"

"లేదు సార్, దవాఖానకు పోయింది."

"పండుకునే పోయిందా?"

(అబ్బా అన్నీ నేర్పాడు గానీ అబద్ధం నేర్పలేదు.) సారు పెన్ను మూసి, "అవ్వ జనాజా ఎనక నేను గూడ నడిచిన బిడ్డా" అన్నాడు. మా ఆడవాళ్లం ఖబ్రస్తాన్‌కు పోము, అందుకే ఆ సంగతి నాకు తెలియదు.

"తెలిసి గూడ ఎందుకడిగిన్రు సార్?"

"ఇంటోళ్లు చెప్పకముందే అవ్వ పేరు నేనెట్ల కొట్టేస్త?"

"పోయింది సార్" అన్నాను. అప్పటిదాకా ఆ మాట నా నోటితో అనలేదు. ఆయన నా స్కేలు అడిగి తీసుకుని, సన్నగా ఒక్క గీత గీశాడు. ఐదుగురం నలుగురమయ్యాం.

నన్ను అబద్ధాలకోరు అనని ఆ సారుకు ఇప్పటికీ దువా చేస్తాను. లెక్కలవాళ్లు మళ్లీ వస్తారంటున్నారు. కాగితం మీద పేరుంటే మనిషి ఉన్నట్టేనని నమ్మిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఆ నమ్మకం నాకిప్పుడు లేదు. ఉంటే బాగుండునని నమాజు అయ్యాక ఒక్కోసారి అనిపిస్తుంది.