నా ముక్కు, మా అక్క అంబలి

తొంభైల్లో సూరత్‌లో ఉద్యోగం నాకు కాదు, నా ముక్కుకుండేది. భేస్తాన్‌లోని ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బిల్టీలు, అంటే లారీ సరుకు రసీదులు రాసే గుమాస్తాను నేను. గుజరాత్‌లో మందు నిషేధం. అయినా మందు దొరికే దమన్ ఎంతో దూరం లేదు, తాగేవాడికి దారులు తెలుసు. అందుకని మా సేఠ్ ఒక నియమం పెట్టాడు. లారీ తాళంచెవి కావాలంటే డ్రైవర్ ముందుగా వాసన చూసే మనిషి ముఖం మీద గట్టిగా ఊదాలి. మందు వాసన వస్తే వాడికి అదే ఆఖరి రోజు. సేఠ్ ముక్కు నశ్యంతో ఎప్పుడో మొద్దుబారింది. ఆఫీసులో బీడీ, గుట్కా అలవాటు లేనివాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఆ పని నాకొచ్చింది. అంత హోదా మళ్లీ నాకు దొరకలేదు.

మా బావ, అంటే అక్క మొగుడు, అక్కడే డ్రైవర్. మరమగ్గాల పని వదిలి, కష్టపడి లైసెన్సు తెచ్చుకుని ఆర్నెల్లే అయింది. కంచే చేను మేసిందంటారని ఆయన్ను అందరికన్నా ఎక్కువసేపు వాసన చూసేవాణ్ణి.

ఒక ఎండాకాలం పొద్దున బావ ఊదగానే పుల్లటి వాసన గుప్పుమంది. అచ్చం కల్లే. సొంత బావే అయినా నిజాయితీపరుణ్ణి కదా, వాసన వస్తోందని సేఠ్‌కు వినబడేలా చెప్పాను. సేఠ్ తాళంచెవి సొరుగులో వేసి, ఇక రావద్దన్నాడు.

"మీ అక్క పోసిన అంబలే తాగిన. జర యాది చేసుకో" అన్నాడు బావ.

నేను నమ్మలేదు. పట్టుబడ్డ ప్రతివాడూ దగ్గుమందు తాగాననో, మజ్జిగ తాగాననో చెప్పేవాడే.

గంటలో అక్క వాళ్లుండే ఉన్ బస్తీ నుంచి చంకలో కుండతో వచ్చింది, వెనకాల బావ. గ్లాసు నిండా జొన్న అంబలి పోసి నాతో గటగటా తాగించింది. ఇప్పుడు వీడి నోటి వాసన ఎవరికైనా చూపించమని సేఠ్‌ను హిందీలో నిలదీసింది. మేడ మీది సేఠానీని పిలిచారు. సంగతేమీ చెప్పకుండా నాతో ఊదించారు. ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పొద్దున్నే తాగొచ్చిన గుమాస్తాను ఇంకా ఎందుకు ఉంచుకున్నావని మొగుణ్ణి దులిపేసింది.

సేఠ్ నవ్వి నవ్వి నశ్యం డబ్బా కింద పడేసుకున్నాడు. తాళంచెవి సొరుగులోంచి బావ చేతికొచ్చింది.

నాకు మాత్రం సిగ్గేసింది. రాత్రంతా పులిసిన ఆ అంబలి తాగే నేను పెరిగాను. ఎనిమిదేళ్లు చాయ్, బిస్కెట్లతో గడిపి దాని వాసనే మరిచిపోయాను. అక్క కుండ ఎత్తుకుంటూ నావైపు చూసింది.

"మనింటి అంబలే ఎరుకలేనోనివి, ఇగ ఎవని నోరు చూస్తవురా నువ్వు?"

మర్నాటి నుంచి నాక్కూడా ఒక సీసా పంపింది. రోజూ తాగేవాణ్ణి. డ్రైవర్లు తాము ఊదే ముందు నన్ను ఊదమనేవాళ్లు. అందరికన్నా దగ్గరగా, ఎక్కువసేపు వాసన చూసేది మా బావే.